అమ్మిన బొమ్మ వెలిసిపోయింది, మళ్లీ వేసివ్వడానికి ఏడాది పట్టింది

2024 మార్చి 9, శనివారం. అన్నాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే ఫోన్‌కి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. "అమ్మా, మీ దగ్గర కొన్న బొమ్మ ఎందుకో పాలిపోతోంది. గాజు మార్పించమంటారా?" కింద ఒక ఫొటో. చూడగానే గుర్తుపట్టాను. నేను వేసిన టబెబూయా చెట్టే. కానీ రాణీ కలర్‌లో వెలిగిపోవాల్సిన పూలు ఉతికి ఉతికి వదిలేసిన రవికె రంగులోకి వచ్చేశాయి. కొమ్మలు అలాగే ఉన్నాయి, ఆకాశం అలాగే ఉంది. పూలు మాత్రమే పోయాయి.

ఆ బొమ్మ 2023 జనవరి 8న బెంగళూరు చిత్రసంతెలో, ఏటా రోడ్డు మీద జరిగే బొమ్మల సంతలో, అమ్మాను. కుమారకృపా రోడ్డు మీద ఆ ఆదివారం పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి అమ్మిన ఏడు బొమ్మల్లో అన్నిటికంటే పెద్దది. ఫ్రేముతో కలిపి 3,500 రూపాయలు. నా జీవితంలో బొమ్మ వేసి సంపాదించిన మొదటి డబ్బు అదే. నేను ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూస్తాను. వాటర్‌కలర్ నేర్చుకున్నది నలభై దాటాక, రాత్రి వంటిల్లు సర్దేశాక దొరికే గంటలో. అందుకే ఆ బొమ్మ పోయిందంటే నాకు కడుపులో దేవినట్టయింది. గాజు తప్పు కాదని అప్పటికే అనుమానం వచ్చింది. "సార్, రేపు నేనే వచ్చి చూస్తాను" అని రాశాను.

కొన్నాయన మల్లేశ్వరంలో ఉంటారు. సొంతూరు మదనపల్లె, రిటైరై చాలా ఏళ్లయింది. మర్నాడు కుందలహళ్లిలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారి వెళ్లాను. దారంతా టెన్షనే. ఆయన ఏమైనా అంటారని కాదు, నేను ఏం చెప్పాలో తెలియక.

బొమ్మని కిటికీకి ఎదురుగోడకి తగిలించారు. తూర్పు కిటికీ. రోజూ పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఎండ సూటిగా దాని మీదే పడుతుందట. ఆయన భార్య, ఆంటీ, కుర్చీ ఆ గోడకి ఎదురుగా ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ ఎక్కువసేపు అక్కడే కూర్చుంటారు. వాళ్లింటి ముందు ఒకప్పుడు ఇదే చెట్టు ఉండేదని, ఒక మే నెల గాలివానకి పడిపోయిందని, అందుకే సంతెలో ఈ బొమ్మ చూసి ఆగామని అప్పుడు చెప్పారు. అమ్మిన రోజు నేను బిల్లు రాసే హడావుడిలో ఇదంతా వినలేదు. ఎండ తగలని చోట పెట్టండి అన్న ఒక్క మాట కూడా చెప్పలేదు. నాకే తెలియదు కదా.

వాళ్ల బల్ల మీదే ఫ్రేము వెనక మేకులు తీసి, అట్ట విప్పి, బొమ్మ చుట్టూ అంచులా ఉండే అట్ట చట్రం, మౌంట్, ఎత్తాను. అప్పుడు కనిపించింది. మౌంట్ అంచు కింద దాగిన చోట, చిటికెన వేలి గోరంత వెడల్పున, బొమ్మ చుట్టూ నాలుగు పక్కలా రంగు కొత్తగా ఉంది. కుడివైపు ఒక పూల గుత్తి సగం మౌంట్ కింద, సగం బయట. కింద ఉన్న సగం రాణీ కలర్, నిన్న వేసినట్టు. బయట ఉన్న సగం లేత గులాబీ. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి గీత. ఆంటీ వంగి ఆ గుత్తిని వేలితో చూపిస్తూ "ఇదీ మా చెట్టు రంగు" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

డబ్బు తిరిగి ఇస్తానన్నాను. ఆయన ససేమిరా అన్నారు. "డబ్బెందుకమ్మా, ఆ రంగు మళ్లీ వస్తుందేమో చూడు" అన్నారు. వస్తుంది, కొత్తది వేసి తెస్తాను, కానీ ఈసారి వెలవదని తేల్చుకున్నాకే వేస్తాను అని మాటిచ్చాను. ఎన్నాళ్లు పడుతుందని అడిగారు. రెండు నెలలన్నాను. ఏడాది పట్టింది.

ఇంటికొచ్చి రంగుల పెట్టె ముందేసుకున్నాను. ఆ పూలకి వాడింది ఒపేరా పింక్ అనే ట్యూబు. కళ్లు చిట్లించి చూస్తే వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో పీఆర్ 122, బీవీ 10 అని ఉంది. మొదటిది క్వినాక్రిడోన్ మెజెంటా, బాగానే నిలిచే రంగు. రెండోది రోడమిన్ అనే అద్దకపు రంగు. ఒపేరాకి ఆ మెరుపు ఇచ్చేది అదే, వెలుతురు తగిలితే ముందు పోయేదీ అదే. పక్కనే ఒకే ఒక్క నక్షత్రం గుర్తు. ఇన్నాళ్లూ అది ట్యూబు ధర తరగతి అనుకున్నాను. వెలుతురుకి ఎంత నిలుస్తుందో చెప్పే గుర్తట. మూడు నక్షత్రాలున్న ట్యూబు నా పెట్టెలోనే ఇంకోటి ఉంది. ఆ తేడా ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

మార్చి 17న పరీక్ష మొదలుపెట్టాను. నా దగ్గరున్న పన్నెండు ట్యూబులూ, వేసేది ఏ కాగితం మీదో అదే 300 జీఎస్ఎం కాటన్ కాగితం మీద, ఒక్కో పట్టీగా పూశాను. ఒక కొసన చిక్కగా, రెండో కొసకి వచ్చేసరికి నీళ్లలా పల్చగా. పల్చగా ఉన్నచోటే రంగు ముందు పోతుంది, వాటర్‌కలర్‌లో మనం వాడేదీ ఎక్కువగా పల్చటి రంగే. ఆరాక ప్రతి పట్టీని నిలువునా రెండుగా కత్తిరించాను. ఒక సగం కవర్లో పెట్టి బీరువాలో పట్టుచీరల అడుగున దాచాను. రెండో సగం ఎండకి.

ఆ నెల బెంగళూరులో నీళ్ల కరువు. మా అపార్ట్‌మెంట్‌కి రోజూ ట్యాంకర్లే దిక్కు, అవీ సమయానికి రావు. పొద్దున గంట, సాయంత్రం గంట నీళ్లు వదిలేవారు. "తాగే నీళ్లకే కటకటలాడుతుంటే నీళ్ల రంగులేంటమ్మా ఇప్పుడు" అని అత్తయ్య అడిగారు. ఆవిడ అన్నదాంట్లో న్యాయముంది. అప్పటిదాకా పెద్ద మగ్గులో నీళ్లు పోసుకుని కుంచెలు కడిగేదాన్ని. ఆ నెల నుంచి రెండు స్టీలు గ్లాసులకి దిగాను, ఒకటి కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. ట్యాంకర్ నీళ్లు పళ్లెంలో ఆరితే రంగు చుట్టూ తెల్లటి ఉప్పు చార మిగిలేది. పల్చటి ఆకాశం వేస్తే అక్కడక్కడ రవ్వరవ్వగా కనిపించేది. పట్టీలు పూయడానికి మాత్రం తాగే నీళ్లలోంచి అర గ్లాసు తీసుకున్నాను.

మొదటి పన్నెండు రోజులు వృథా అయ్యాయి. వీడియోల్లో అందరూ దక్షిణం వైపు కిటికీకి అంటించమంటారు. నేనూ హాల్లో దక్షిణం కిటికీకి అంటించాను. వారం తర్వాత చూస్తే ఒక్క పట్టీలో కూడా మార్పు లేదు, ఒపేరాలో కూడా. సెలవు రోజు కూర్చుని గమనిస్తే అర్థమైంది. ఎండ అసలు ఆ అద్దం మీద పడటమే లేదు. మార్చి చివర్లో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదుంటాడు, కిటికీ పైన సన్‌షేడ్ ఉంది, ఇక ఎండ ఎక్కడిది? ఆ సలహా చలిదేశాల వాళ్లది. అక్కడ సూర్యుడు ఏడాదంతా దక్షిణానే వంగి ఉంటాడు. బెంగళూరులో ఏప్రిల్ 24కి సరిగ్గా నడినెత్తికి వచ్చి, ఆ తర్వాత ఆగస్టు నడిమి దాకా మధ్యాహ్నం ఉత్తరం వైపే ఉంటాడు. ఆ ఏప్రిల్ 24న మా అమ్మాయి నన్ను మేడ మీదకి లాక్కెళ్లి, చెంబు నిలబెట్టి, దాని నీడ దాని అడుగునే మాయమైపోవడం చూపించింది. చిన్నప్పటి నుంచి ఎండలో తిరుగుతూ కూడా నేనెప్పుడూ చూడని సంగతి అది.

మార్చి 30న పట్టీలని పాత ఫ్రేము గాజు కింద పరిచి మేడ మీద వెల్లకిలా పెట్టాను. అక్కడ అప్పటికే అత్తయ్య గుమ్మడి వడియాలు పాత చీర మీద ఆరబెట్టి ఉన్నారు. ఆ వేసవి అంతా వడియాలు, నా పట్టీలు పక్కపక్కనే ఎండాయి. మా వైపు ఏప్రిల్ నెలంతా చినుకు పడలేదు. ఊరంతా ఆ ఎండకి అల్లాడింది. నా పట్టీలకి మాత్రం అంతకంటే మంచి ఎండ దొరకదు.

ప్రతి ఆదివారం సాయంత్రం బీరువాలోంచి దాచిన సగాలు తీసి పక్కన పెట్టి చూసేదాన్ని. ఏప్రిల్ 7కే ఒపేరా పల్చటి కొస తేడాగా కనిపించింది. 14కి ఎవరికి చూపించినా చెప్పగలిగేంత. నెలాఖరుకి మల్లేశ్వరం ఫొటోలో ఉన్న రంగే నా చేతిలోకి వచ్చింది. పద్నాలుగు నెలల్లో గోడ మీద జరిగింది మా మేడ మీద నాలుగు వారాల్లో అయిపోయింది.

ఒపేరా సంగతి తెలుసు కాబట్టి దానికి సిద్ధంగానే ఉన్నాను. దెబ్బ తగిలింది మిగతా వాటి దగ్గర. నేను నేర్చుకునేటప్పుడు కొన్న చవక సెట్టులోని క్రిమ్సన్, దాని మీద అంకెలేవీ లేవు, మే చివరికి సగం పోయింది. అదే సెట్టులో సాప్ గ్రీన్ జూన్‌లో నీలంగా మారిపోయింది, అందులోని పసుపు ఎగిరిపోయి నీలం మిగిలింది. ఆ ఆకుపచ్చతో ఎన్ని చెట్లు వేశానో లెక్కలేదు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా చెక్కుచెదరలేదు. పీవీ 19 అని రాసి ఉన్న క్వినాక్రిడోన్ రోజ్, ఒక స్నేహితురాలిని అడిగి తెచ్చిన చిటికెడు రంగు, ఆరు నెలలకి కూడా బీరువాలో సగానికీ ఎండలో సగానికీ తేడా చెప్పలేనంత అలాగే ఉంది. మే మొదట్లో వానలు మొదలయ్యాక సాయంత్రం అయ్యేసరికి ఫ్రేము లోపలికి తెచ్చేదాన్ని. రెండుసార్లు మర్చిపోతే అత్తయ్యే తెచ్చారు. సెప్టెంబరు 30న ఆపాను. ఈలోగా 2025 చిత్రసంతెకి అప్లికేషన్ పెట్టలేదు. తెలియకుండా అమ్మడం వేరు, తెలిశాక అమ్మడం వేరు అనిపించింది.

క్వినాక్రిడోన్ రోజ్ సొంత ట్యూబు అక్టోబరులో 720 రూపాయలకి కొన్నాను. మంచి రంగే, కానీ ఒపేరా లాగా మెరవదు. ఒపేరా కాగితం మీద పడగానే లోపల బల్బు పెట్టినట్టు ఉంటుంది. దీంతో ఎంత చిక్కగా వేసినా బీట్‌రూట్ రసం లాగే వచ్చేది. పాత ఫొటోలు చూసి నవంబరు, డిసెంబరుల్లో మూడు వేశాను. మూడూ పక్కన పడేశాను. డబ్బు, కాగితం పోతున్నాయన్న బాధ కంటే, ఆంటీకి చూపించడానికి ఆ వెలుగు రావడం లేదన్నదే ఎక్కువ బాధ.

ఒకరోజు రాత్రి ఆ మూడూ బల్ల మీద పరిచి కూర్చుంటే అత్తయ్య మంచినీళ్లకి వచ్చి నిలబడ్డారు. కాసేపు చూసి, "చుట్టూరా కూడా నీలం, గులాబీయే పెట్టావు కదమ్మా. రాణీ రంగు చీరకి చిలకపచ్చ అంచు ఎందుకు వేస్తారు? ఆ పచ్చ పక్కన ఉంటేనే రాణీ రంగు కంటికి కొడుతుంది" అన్నారు. ఆవిడ వెంకటగిరి వాళ్లు, మగ్గాల మధ్య పెరిగారు. నేను పుస్తకాల్లో రంగుల చక్రం చూసినదాన్నే, ఎదురెదురు రంగుల గురించి చదివినదాన్నే. కానీ ఆ చీర అంచు మాటతోనే నాకు బుర్రకెక్కింది. ఒపేరా ఉన్నన్నాళ్లూ దాని మెరుపు మీదే బతికాను, పక్క రంగు గురించి ఆలోచించే అవసరమే రాలేదు.

2025 ఫిబ్రవరి రెండో వారానికి మా ఏఈసీఎస్ లేఅవుట్‌లో టబెబూయాలు నిండా పూశాయి. ఈ చెట్టు పూసేటప్పుడు ఆకులు దాదాపు రాల్చేస్తుంది, ఉత్త పువ్వే ఉంటుంది. పువ్వు బూర ఆకారం, గొంతు దగ్గర లోపల పసుపు. ఫిబ్రవరి 9 ఆదివారం పొద్దున ఆరున్నరకే మడత స్టూలు, ప్యాడ్, రెండు స్టీలు గ్లాసులు తీసుకుని ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను. పార్క్ చేసిన కార్ల పైకప్పుల మీద రాత్రి రాలిన పూలు పరుపులా ఉన్నాయి. చెత్త ఆటో వచ్చింది, ఆగింది, పోయింది. ఎదురింటి సెక్యూరిటీ ఆయన వెనకాల నిలబడి చాలాసేపు చూసి "చెన్నాగిదె మేడమ్", బాగుంది అని, అన్నాడు. ఆ పొద్దుటి చలికి తడి ఆరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మేలో అయితే మూడు నిమిషాలు. తొందరపడి రెండో పూత వేశాను, నీళ్లు వెనక్కి తన్ని కాలీఫ్లవర్ లాంటి మరకలు పడ్డాయి. ఆ కాగితం పోయింది.

ఫిబ్రవరి 16న వేసింది పర్వాలేదు, కానీ పచ్చ ఎక్కువైంది. 23న వేసింది కుదిరింది. ఈసారి పూలని చిక్కగా వేయలేదు. కాగితం ముందు తడిపి, క్వినాక్రిడోన్ రోజ్‌ని ఒక చోట చిక్కగా వదిలి, పక్కకి దానంతట అదే పాకనిచ్చాను. గుత్తుల మధ్య చిన్నచిన్న తెల్ల ఖాళీలు అలాగే ఉంచాను, ఎందుకంటే వెలుగు కాగితంలోంచే రావాలి. వెనక ఉన్న చెట్లని కాస్త మసక వేసిన చిలకపచ్చతో పూశాను. ఆ పచ్చ వెళ్లి పూల అంచుకి తగిలిన క్షణంలో, ఇంకా తడిగా ఉండగానే, గులాబీ ఒక్కసారి ముందుకొచ్చినట్టు అనిపించింది. కుంచె పక్కన పెట్టి కాసేపు ఏమీ ముట్టుకోకుండా కూర్చున్నాను.

మార్చి 1న ఫ్రేముకి ఇచ్చాను. షాపాయన నాలుగు రోజులన్నాడు, పన్నెండు రోజులు పట్టింది. మొదటిసారి మౌంట్ కోసింది నా సంతకం మీదకొచ్చింది, మళ్లీ కోయించాను. ఈసారి మామూలు గాజు బదులు అతినీలలోహిత కిరణాలని ఆపే యాక్రిలిక్ వేయించాను, ఫ్రేముతో కలిపి 2,900 అయింది. అది వెలవడాన్ని ఆలస్యం చేస్తుంది, పూర్తిగా ఆపదు. సరైన రంగు, ఎండ పడని గోడ ఉన్నాకే దాని అవసరం. ట్యూబు, కాగితాలు, ఫ్రేము అన్నీ కలిపితే 5,000 దాటింది. బొమ్మ అమ్మింది 3,500కి. ఇలా మళ్లీ వేసివ్వాలనుకునే వాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. నాకు మాత్రం ఇంకో దారి తోచలేదు.

మార్చి 16 ఆదివారం మల్లేశ్వరం వెళ్లాను. ఆయన ముందే కిటికీ పక్క గోడకి మేకు కొట్టి ఉంచారు, ఎండ పడని వైపు. ఆంటీ కుర్చీ కూడా అటు తిప్పారు. బొమ్మ తగిలించాక ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇది పొద్దున్నే వేసినట్టుందే" అన్నారు. పొద్దున్నే ఆంటీ, ఏడింటికి అన్నాను. "మా చెట్టు పొద్దున్నే ఇలాగే ఉండేది" అన్నారు. పాత బొమ్మని నాకు ఇచ్చేశారు. అది ఇప్పుడు నా బల్ల ముందుంది, మౌంట్ లేకుండా, అంచున ఆ రాణీ గీత కనిపించేటట్టు.

ఆ సంతెలో అమ్మిన ఏడింటిలో ఒపేరా వాడినవి మూడు. రెండోది కాగితం పూల బొమ్మ. కొన్నమ్మాయి యూపీఐలో డబ్బు పంపింది, ఆ లావాదేవీ వెతికి పట్టుకుని మెసేజ్ పెట్టాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉందట. బొమ్మ నడవాలో ఉంది, ఎండ రాదు, కొంచెం తగ్గినట్టుంది అంది. మళ్లీ వేసిస్తానన్నాను, ఈ ఏడాది కాగితం పూలు పూశాక. ఇప్పుడు ప్రతి బొమ్మ వెనకా వాడిన రంగుల అంకెలు పెన్సిల్‌తో రాస్తున్నాను, కొన్నవాళ్ల నంబరు ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

మూడోది తామరపూలు, చిన్నది. కొన్నది పాతికేళ్ల కుర్రాడు, సాయంత్రం చీకటి పడుతుండగా వచ్చాడు. అక్క కొత్తింటి గృహప్రవేశానికి అన్నాడు. 800 రూపాయలు నోట్లుగా లెక్కపెట్టి ఇచ్చాడు. నంబరు తీసుకోలేదు. హాల్లో మంచి వెలుతురు వచ్చే చోట పెట్టమని అతనికి చెప్పింది నేనే.